పాఠం అదుపు తప్పే నిమిషానికి శిక్షణ ఏది? – ఇంగ్లీష్ టీచర్లను తయారు చేసేవారికి బహిరంగ లేఖ

ఇంగ్లీష్ టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చే అధ్యాపకులకు, ఆ కోర్సుల సిలబస్ రాసే కమిటీలకు, క్లాసులకు వచ్చి పరిశీలన పత్రాలు నింపే అధికారులకు నమస్కారం.

నేను ఇంగ్లీష్ టీచర్‌ని. చాలా ఏళ్లుగా క్లాసులోనే ఉన్నాను. కొంతకాలంగా కొత్తగా చేరిన టీచర్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని చూసి, తర్వాత వాళ్లతో మాట్లాడే పని కూడా చేస్తున్నాను. మీరు పంపిస్తున్న టీచర్లకు పాఠం చెప్పడం వచ్చు. లెసన్ ప్లాన్ చక్కగా రాస్తారు, ఫ్లాష్ కార్డులు చేసుకొస్తారు, ఏ దశలో ఏ యాక్టివిటీ చేయించాలో తెలుసు. కానీ ఆ పాఠం కళ్లముందే చెడిపోతుంటే తమ లోపల ఏం జరుగుతుందో, అప్పుడు తమను తాము ఎలా నిలబెట్టుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. మీ కోర్సులో ఆ పాఠమే లేదు. దాన్ని చేర్చమని అడగడానికే ఈ లేఖ.

ఒక క్లాసు గురించి చెబుతాను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. కొత్త టీచర్ వరసగా ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా పైకి చదివిస్తున్నారు. వెనక కూర్చుంటే బాగా కనిపిస్తుంది: పిల్లల్లో చాలామంది వింటూ లేరు, తమ వంతుకు ఏ పేరా వస్తుందో వేలితో లెక్కపెట్టుకుంటున్నారు. మూడో వరసలో ఉన్న ఒక అబ్బాయి కూడా లెక్కపెట్టాడు. తన పేరా మీద వేలు ఉంచి, పెదాలు కదిపి, రెండో లైను దగ్గర ఆగిపోయాడు. ఇంకా ఇద్దరు ముందున్నారనగా పక్కవాడి పుస్తకం కింద పడేశాడు. ఒకరే ఉన్నారనగా మోచేత్తో పొడిచాడు. పక్కవాడు అరిచాడు, క్లాసంతా నవ్వింది. టీచర్ ముఖం ఎర్రబడింది. అప్పటిదాకా ఇంగ్లీష్‌లో మాట్లాడుతున్నావిడ ఒక్కసారిగా పిల్లల భాషలోకి మారి, గొంతు పెంచి, ఆ అబ్బాయిని బయటికి పంపేశారు. వాడు భుజాలు ఎగరేసుకుంటూ వెళ్లిపోయాడు. పేరా చదవడం తప్పింది.

పరిశీలన పత్రంలో దీనికి ఒకే ఒక గడి ఉంది: క్రమశిక్షణ. ఆ గడిలో ఆవిడకు తక్కువ మార్కులు పడతాయి, అంతటితో ఆ విషయం అయిపోతుంది. నిజానికి ఆ అబ్బాయికి టీచర్ మీద ఏ కోపమూ లేదు. చదవడం రానివాడు అనిపించుకోవడం కన్నా అల్లరివాడు అనిపించుకోవడమే ఆ వయసులో వాడికి నయం. నలభై మంది స్నేహితుల ముందు తప్పులు తప్పులుగా చదివితే పోయే పరువు, బయట నిలబడితే పోదు. పిల్లవాడు వేసిన లెక్క సరైనదే. టీచర్‌కు ఆ లెక్క కనబడలేదు.

క్లాసు అయిపోయాక ఏం జరిగిందని ఆవిడను అడిగాను. "నా ఇంగ్లీష్ చూసి నవ్వుతున్నారు మేడమ్. నన్ను లెక్కచేయడం లేదు" అన్నారు. ఆవిడ ఇంగ్లీష్‌ను చూసి ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. కానీ ఆ నిమిషంలో ఆవిడకు తోచిన వివరణ అదొక్కటే. ఆ అబ్బాయి అలా చేయడానికి ముందు ఏం జరిగింది, తర్వాత వాడికి ఏం దక్కింది అని ఆలోచించే అలవాటు ఉంటే, అదే క్లాసు వేరేగా కనిపించేది. అది గొప్ప మనస్తత్వ శాస్త్రమేమీ అక్కర్లేని అలవాటు. పదే పదే చేయిస్తే ఎవరికైనా వస్తుంది. సిద్ధాంతాల పేర్లు పరీక్షకు బట్టీ పట్టించే కోర్సు, ఈ ఒక్క ప్రశ్నను ఒంటికి పట్టేలా ఎందుకు చేయించదు?

ఇంగ్లీష్ క్లాసుకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. మిగతా సబ్జెక్టుల్లో రాని పిల్లవాడు నోరు మూసుకుని కూర్చుని గట్టెక్కవచ్చు. ఇక్కడ నోరు తెరవడమే పాఠం. తప్పు చేయకుండా భాష రాదు, ఆ తప్పు అందరికీ వినబడేలా చేయాలి. ఇలైన్ హార్విట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు, ఆమె సహచరులు 1986లో పరభాషా తరగతి గదిలో కలిగే ఆందోళనను ప్రత్యేకమైన సమస్యగా గుర్తించి, దాన్ని కొలవడానికి 33 వాక్యాల ప్రశ్నావళి తయారు చేశారు. మాట్లాడాలంటే బెరుకు, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం, పరీక్ష భయం దానికి దగ్గర చుట్టాలని వాళ్లు చెప్పారు. పిల్లల సంగతి ఇలా ఎంతో కొంత మీ కోర్సుల్లోకి వచ్చింది. పదేళ్ల తర్వాత, 1996లో, అదే హార్విట్జ్ మరో మాట రాశారు: ఇంగ్లీష్‌లాంటి భాషను తాము కూడా నేర్చుకునే టీచర్లయిన వాళ్లలో ఇదే ఆందోళన ఉంటుంది, దానివల్ల వాళ్లు ఎక్కువగా మాట్లాడాల్సి వచ్చే పద్ధతులను తప్పించుకునే ప్రమాదం ఉంది అని. ఈ రెండో మాట శిక్షణ తరగతుల్లో ఎక్కడా వినబడదు.

టీచర్ కూడా భయపడుతుంది. ఆ భయాన్ని పక్కన పెట్టి క్లాసును అదుపు చేయడం గురించి ఎన్ని గంటలు చెప్పినా ఎందుకు వృథా అవుతుందో వివరంగా చెప్పాలి. నా ఉద్దేశంలో అసలు కీలకం ఇక్కడే ఉంది.

జేకబ్ కూనిన్ అనే అమెరికన్ పరిశోధకుడు తరగతి గదులను వీడియో తీసి చూసి 1970లో తన ఫలితాలు ప్రచురించారు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్నది క్లాసు తీరును పెద్దగా మార్చడం లేదని ఆయన గమనించారు. తేడా అంతా అల్లరి మొదలవకముందే ఉంది. బాగా నడిచే క్లాసుల్లో టీచర్‌కు గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తెలుస్తూ ఉంటుంది, తెలుస్తోందని పిల్లలకూ తెలుసు. ఒకరికి సందేహం తీరుస్తూనే కిటికీ పక్కన మొదలైన గుసగుసను ఒక చూపుతో ఆపగలరు. పాఠం వేగం తెగనివ్వరు. అంటే క్లాసును నిలబెట్టేది గదంతా పరుచుకున్న ధ్యాస.

భయం ఆ ధ్యాసనే తినేస్తుంది. టెన్షన్ పెరిగితే చూపు ఇరుకైపోతుంది, తనకు ప్రమాదం అనిపించిన చోటుకే అతుక్కుపోతుంది. నేను చెప్పిన క్లాసులో ఆ అబ్బాయి బయటికి వెళ్లిన తర్వాత చాలాసేపు టీచర్ మూడో వరస వైపే చూస్తూ పాఠం చెప్పారు. కుడివైపు చివర ఇద్దరు అమ్మాయిలు చేతులెత్తారు, కాసేపటికి దించేశారు. ఆవిడకు అవి కనబడలేదు.

దీనికి తోడు ఇంగ్లీష్ టీచర్ బుర్రలో ఇంకో పని నడుస్తూ ఉంటుంది. లెక్కల టీచర్ తనకు అలవాటైన భాషలో మాట్లాడుతూ క్లాసును చూసుకుంటారు. ఇంగ్లీష్ టీచర్ తన ప్రతి వాక్యాన్నీ మాట్లాడుతూనే సరిచూసుకుంటారు: క్రియ సరిపోయిందా, ఉచ్చారణ సరిగా ఉందా, ఎవరైనా తెలియని పదం అడిగితే ఎలా. క్లాసు మీద పెట్టాల్సిన ధ్యాసలో కొంత తన నాలుక మీదే ఖర్చవుతుంది. ఆ మిగిలిన కొంచెమూ భయం పట్టుకుపోతే ఇక గది మీద పెట్టడానికి ఏం ఉంటుంది? అలాంటి మనిషికి "క్లాసు మీద పట్టు పెంచుకో" అని సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం అన్యాయం.

ఈ కష్టాన్ని కొత్తగా కనిపెట్టింది నేను కాదు. ఢాకాలో ఏళ్ల తరబడి పనిచేసిన ఇంగ్లీష్ బోధన నిపుణుడు మైకేల్ వెస్ట్ 1960లోనే కష్టమైన పరిస్థితుల్లో ఇంగ్లీష్ బోధన గురించి ప్రత్యేకంగా రాశారు. 30 మందికి మించిన పిల్లలు, చాలాసార్లు 40, 50 మంది, బెంచీల మీద ఇరుక్కుని కూర్చోవడం, టీచర్‌కు కూడా ఇంగ్లీష్ ధారాళంగా రాకపోవడం ఆయన చెప్పిన ఆ పరిస్థితుల్లో ఉన్నాయి. ప్రపంచంలో లెక్కలేనన్ని క్లాసులకు ఇది మామూలు రోజు. అయినా శిక్షణ మాత్రం ఇప్పటికీ ఇరవై మంది శ్రద్ధగల పిల్లలు, కదిలే కుర్చీలు, ధీమాగా మాట్లాడే టీచర్ ఉన్న గదిని ఊహించుకునే రాస్తారు.

ఇప్పుడు గంటల లెక్క చూడండి. హైస్కూల్ పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి టీచర్ల ఎదుట సుమారు 13,000 గంటలు గడుపుతాడని డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో రాశారు. టీచర్ కాకముందే మనమంతా టీచర్ పనిని అంతసేపు చూసి ఉన్నాం, కానీ బెంచీ వైపు నుంచి. టీచర్ మనసులో ఏం నడిచిందో మనకు కనబడలేదు. ఇటు ఇంగ్లీష్ బోధనలో ప్రపంచమంతా పేరున్న కేంబ్రిడ్జ్ సెల్టా సర్టిఫికెట్ చూస్తే, మొత్తం శిక్షణ కనీసం 120 గంటలు ఉంటుంది, అందులో నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పేది 6 గంటలు. ఆ విద్యార్థులు కూడా ఎక్కువగా నేర్చుకోవాలని తామే వచ్చిన పెద్దవాళ్లు. ఆ కోర్సును తక్కువ చేయాలని ఇది చెప్పడం లేదు, ఎంతో పకడ్బందీగా నడిచే కోర్సు అది. ఆరు గంటలు ఒకవైపు, పదమూడు వేల గంటలు ఇంకోవైపు పెడితే ఒత్తిడిలో ఏది పైకి వస్తుందో మీకే తెలుసు. అంతా సవ్యంగా ఉన్నంతసేపు మీరు నేర్పిన పద్ధతి నడుస్తుంది. క్లాసు చెయ్యి దాటగానే, చిన్నప్పుడు తనను భయపెట్టిన టీచర్ గొంతే తన నోట్లోంచి వస్తుంది.

ఆ గొంతు రాకుండా చేసే మార్గం ఉపన్యాసం వల్ల దొరకదు, రిహార్సల్ వల్ల దొరుకుతుంది. మైక్రో టీచింగ్ 1960ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైనప్పుడు దాని ప్రాణం మళ్లీ చెప్పడంలో ఉంది: కొద్దిమందికి కొద్ది నిమిషాలు పాఠం చెప్పడం, దాని గురించి మాట్లాడుకోవడం, వెంటనే మార్చి ఇంకోసారి చెప్పడం. నేను చూసిన కోర్సుల్లో ఆ మూడోది మాయమైంది. తోటి ట్రైనీలు పిల్లల్లా బుద్ధిగా కూర్చుంటారు, అడిగిన ప్రశ్నకల్లా చేతులెత్తుతారు, ట్రైనర్ మార్కులు వేస్తారు, తర్వాతి వాళ్లు వస్తారు. చప్పట్లు కూడా కొడతారు. అలాంటి గదిలో మన టీచర్‌కు జీవితంలో మళ్లీ పాఠం చెప్పే అవకాశం రాదు.

దయచేసి ఆ గదిలోకి అసలు క్లాసును తీసుకురండి. ఒక పిల్లవాడు పదాన్ని తప్పు పలికాడు, క్లాసు నవ్వింది. ఇప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ఏమిటి? ఒక అమ్మాయి "నేను చదవను" అని పుస్తకం మూసేసింది. మీరు అడుగు ముందుకు వేస్తారా, అక్కడే ఉంటారా? వెనక నుంచి ఎవరో "ఇది మాకెందుకు పనికొస్తుంది" అన్నారు. ప్రశ్న అడిగితే గదంతా నిశ్శబ్దం. ఇలాంటివి ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో ట్రైనీ చేత మూడు నాలుగు సార్లు చేయించండి, గుండె దడ తగ్గి మాట మామూలుగా వచ్చేదాకా. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి పుడుతుందో వివరిస్తూ, అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి నెగ్గిన అనుభవమని చెప్పారు. ఎదుటివాళ్లు ఇచ్చే ధైర్యం దానికన్నా బలహీనమైనది. మీ వీడ్కోలు సభల్లో ధైర్యం చెప్పే ప్రసంగాలు చాలానే ఉంటాయి. చేసి నెగ్గే అవకాశమే తక్కువ.

నిశ్శబ్దం గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పనివ్వండి, ఎందుకంటే కొత్త టీచర్లు అల్లరి కన్నా దీనికే ఎక్కువ కుంగిపోతారు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో సైన్స్ క్లాసుల్లో టీచర్లు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక సెకను. దాన్ని 3 సెకన్లకో అంతకు మించో పెంచితే జవాబులు పొడవయ్యాయి, జవాబు రాని సందర్భాలు తగ్గాయి. అది పిల్లలు తమ భాషలో చదువుతున్న సైన్స్. ఇంగ్లీష్ క్లాసులో పిల్లవాడు ప్రశ్నను అర్థం చేసుకోవాలి, జవాబు తట్టాలి, దాన్ని ఇంగ్లీష్‌లో పేర్చుకోవాలి, నవ్వుతారేమోనన్న భయాన్ని దాటాలి. మూడు సెకన్లు కూడా సరిపోవు. కానీ ముందు నిలబడ్డ మనిషికి ఆ మూడు సెకన్లు ఒక యుగం. ఆ నిశ్శబ్దాన్ని తన ఓటమిగా చదువుకుంటుంది, తనే జవాబు చెప్పేస్తుంది. నాలుగు రోజులకు పిల్లలకు ఆ సంగతి తెలిసిపోతుంది: కాస్త ఆగితే మేడమే చెప్పేస్తారు. ఆ తర్వాత "ఈ క్లాసులో ఎవరూ నోరు విప్పరు" అన్న పేరు ఆ సెక్షన్‌కు స్థిరపడుతుంది. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టుకుంటూ చిరునవ్వుతో ఊరికే నిలబడటం కూడా నేర్పాల్సిన విద్యే. ముందు పక్కవాడితో చెప్పుకోమని, తర్వాత అందరితో చెప్పమంటే నోరు పెగలని పిల్లలు కూడా ఒకటి రెండు మాటలు చెబుతారు.

శబ్దం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పెయిర్ వర్క్ సరిగ్గా జరిగితే గది హోరెత్తాలి. నలభై మందిలో ఇరవై మంది ఒకేసారి మాట్లాడతారు మరి. ఆ హోరు వరండాలోకి వినబడితే "ఆ క్లాసులో టీచర్ ఉన్నారా?" అని అడిగే పెద్దలున్నారు. ఒకటి రెండుసార్లు అలా అడిగించుకున్న టీచర్ పెయిర్ వర్క్ మానేసి బోర్డు మీద రాసి కాపీ చేయించడం మొదలుపెడుతుంది. గది ప్రశాంతం, పై వాళ్లు సంతోషం, భాష మాత్రం రాదు. ఇక్కడ పాఠశాల పెద్దలకు కూడా శిక్షణ కావాలి: ఏ శబ్దం పనిది, ఏది అల్లరిది అని చెవితో గుర్తుపట్టడంలో. టీచర్‌కు కావలసింది ఆ శబ్దాన్ని మొదలుపెట్టడం, ఆపడం. "ఇద్దరిద్దరుగా మాట్లాడుకోండి" అని వదిలేస్తే అది నిజంగానే అల్లరవుతుంది. ఏ ప్రశ్న అడగాలి, ఎంతసేపు, చివరికి చేతిలో ఏం ఉండాలి, ఏ సైగకు ఆపాలి అన్నవి ముందే చెప్పి, ఇద్దరిని నిలబెట్టి ఒకసారి చేసి చూపిస్తే అదే గది అదే హోరుతో పని చేస్తుంది.

టీచర్ల ఇంగ్లీష్ గురించి మీరు మొహమాటపడకుండా మాట్లాడాలి. డిగ్రీ ఉంది కదా అని వదిలేయడం వాళ్లకు మేలు చేయడం కాదు. వ్యాసాలు రాయగలిగిన మనిషికి కూడా "పెన్స్ డౌన్, లుక్ ఎట్ మీ" అని సూటిగా, స్నేహంగా, గట్టిగా చెప్పడం అలవాటు ఉండకపోవచ్చు. క్లాసు నడపడానికి కావలసిన ఇంగ్లీష్ చిన్నదే: పని చెప్పడానికి, ఆపడానికి, మెచ్చుకోవడానికి, తప్పును నొప్పించకుండా దిద్దడానికి, "ఈ పదం నాకు గుర్తు రావడం లేదు, కలిసి డిక్షనరీలో చూద్దాం" అనడానికి. ఇవి నాలుక మీద ఆడేదాకా సాధన చేయిస్తే, నేను ముందు చెప్పిన ఆ ధ్యాస క్లాసుకు మిగులుతుంది. ఆ చివరి వాక్యాన్ని సిగ్గుపడకుండా అనగలిగిన టీచర్ ముందు పిల్లలు కూడా తప్పు చేయడానికి అంతగా భయపడరు.

"ఇంగ్లీష్ తప్ప ఇంకో మాట వినబడకూడదు" అనే నియమం వల్ల నేను చూసిన నష్టం ఒకటుంది. టీచర్ రోజంతా ఆ నియమం పాటిస్తారు. కోపం వచ్చినప్పుడు మాత్రం, ఆ మూడో వరస సంఘటనలో లాగా, పిల్లల భాషలోకి జారిపోతారు. ఫలితంగా ఆ గదిలో పిల్లల సొంత భాష తిట్ల కోసమే వినబడుతుంది. బాగోగులు కనుక్కోవడానికి, భయపడ్డ పిల్లవాడి పక్కన వంగి ఒక మాట చెప్పడానికి, కొత్త పని ఎందుకు చేస్తున్నామో అర్థం చేయించడానికి వాళ్ల భాషను ఆలోచించి వాడనివ్వండి. ఎక్కడ వాడాలో లెసన్ ప్లాన్‌లోనే రాయమనండి. నేరం చేసినట్టు దొంగచాటుగా వాడాల్సిన అవసరం ఏ టీచర్‌కూ రాకూడదు.

క్లాసులకు వచ్చి చూసే అధికారులతో ఒక మాట. మీ రాకలో రెండు పనులు కలిసిపోయాయి, అవి విడివిడిగా ఉండాలి. ఒకటి మార్కులు వేయడం, రెండోది సాయం చేయడం. మార్కులు వేసేవారి ముందు ఏ టీచర్ తన కష్టం చెప్పుకోదు. మీరు వస్తున్నారని తెలిస్తే బాగా నడిచే సెక్షన్‌నే, రెండుసార్లు చెప్పేసిన పాఠాన్నే చూపిస్తారు. అలాంటి పాఠాలు చూసి రాసిన నివేదికల మీద తర్వాతి శిక్షణ రూపొందుతుంది, కష్టమైన క్లాసు ఎవరి కంటా పడదు. జపాన్‌లో టీచర్లు నలుగురైదుగురు కలిసి ఒక పాఠాన్ని తయారు చేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లలనే గమనించే పద్ధతి ఎన్నో దశాబ్దాలుగా ఉంది. పాఠం అందరిదీ కాబట్టి అది కుదరకపోయినా ఒక్క మనిషి తలవంచుకోనక్కర్లేదు. చూపు టీచర్ మీద నుంచి పిల్లల మీదికి మారితే చాలు, పేరా లెక్కపెట్టుకుంటున్న వేళ్లు కనబడతాయి.

ఇక ఉద్యోగంలో చేరిన తర్వాతి సంగతి. శిక్షణ అక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు, కష్టం మొదలయ్యేది అక్కడే. స్టాఫ్‌రూంలో కొత్త టీచర్‌కు దొరికే మొదటి మాట "ఆ సెక్షన్ నీకిచ్చారా, అయ్యో!". అనుభవం ఉన్నవాళ్లు వద్దన్న క్లాసులే వచ్చి పడతాయి. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో బర్నౌట్‌కు మూడు లక్షణాలు చెప్పారు: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా చూడలేకపోవడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం. రెండోదాన్ని మాటల్లో పట్టుకోవచ్చు. చేరిన కొత్తలో పిల్లల పేర్లు చెప్పే టీచర్ కొన్నాళ్లకు "ఆ వెనక బ్యాచ్", "వాళ్లంతే" అనడం మొదలుపెడతారు. అది వినబడ్డ రోజే ఎవరో ఒకరు ఆవిడ పక్కన కూర్చోవాలి. ఆవిడ చెడ్డ టీచర్ అయిపోయిందని అర్థం కాదు, తనను కాపాడుకోవడానికి మనసు తలుపులు మూసుకుంటోందని అర్థం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను పనికి సంబంధించిన పరిస్థితిగా వర్గీకరించింది, జబ్బుగా కాదు. అంటే దాని బాధ్యత పని పెట్టేవాళ్ల మీద కూడా ఉంది. అందుకే ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పే ఒకరోజు వర్క్‌షాపులతో సరిపెట్టకండి. శ్వాస మీద ధ్యాస పెట్టడం మంచిదే, కానీ అరవై మంది ఉన్న క్లాసును అది నలభై చేయదు. పిల్లల సంఖ్య, పీరియడ్ల భారం, పుస్తకాల కొరత లాంటి వాటిని టీచర్ మనోధైర్యంతో భర్తీ చేయమని అడగడం తప్పు. మనస్తత్వం గురించి నేను ఇంతసేపు మాట్లాడింది ఆ భారాన్ని ఇంకొంచెం వాళ్ల భుజాల మీదికి నెట్టడానికి కాదని మీరు గ్రహించాలి.

1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే మనోవిశ్లేషకుడు మామూలు డాక్టర్లను చిన్న బృందాలుగా కూర్చోబెట్టేవారు. ఒక డాక్టర్ తనను ఇబ్బంది పెడుతున్న రోగి గురించి చెబుతారు. మిగతావాళ్లు రోగం గురించి కాకుండా, ఆ రోగికీ డాక్టర్‌కూ మధ్య ఏం నడుస్తోందో మాట్లాడతారు. అలాంటి బృందాలు చాలా దేశాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. టీచర్‌కు అలాంటి చోటు ఎక్కడుంది? రోజుకు అయిదారు క్లాసులు, వందల మంది పిల్లలు, ఒక్కొక్కరితో ఒక్కో సంబంధం, చెప్పుకోవడానికి మాత్రం స్టాఫ్‌రూం నిట్టూర్పులు.

నేను కోరేది ఇది. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు ప్రతి ఇంగ్లీష్ టీచర్‌కు రెండు వారాలకోసారి ఒక గంట, అయిదారుగురు టీచర్లు ఒక అనుభవజ్ఞుడితో కూర్చునే ఏర్పాటు చేయండి. ఆ అనుభవజ్ఞుడు వాళ్ల మీద నివేదికలు రాసే మనిషి కాకూడదు. అక్కడి మాట బయటికి పోకూడదు. ఒకరు ఒక పిల్లవాడి గురించో, ఒక పది నిమిషాల గురించో చెప్పాలి: ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, ఆ క్షణంలో నాకేమనిపించింది, పిల్లవాడికి ఏమనిపించి ఉండవచ్చు, వచ్చే వారం ఏ ఒక్కటి మార్చి చూస్తాను. సలహాల వర్షం వద్దు, ప్రశ్నలు చాలు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ గంట టైంటేబుల్‌లో ఉండాలి. సాయంత్రం అందరూ ఇళ్లకు వెళ్లే వేళ పెడితే నెల తిరక్కుండానే ఆగిపోతుంది.

మూడో వరస అబ్బాయి కథను అలాంటిదే ఒక చిన్న సమావేశంలో ఆ టీచర్ చెప్పారు. వరసగా చదివించడం మానేస్తానన్నారు. ముందు అందరినీ లోపల చదువుకోమని, తర్వాత ఇద్దరిద్దరుగా ఒకరికొకరు చదివి వినిపించుకోమని చెప్పి, పైకి చదవడం ఇష్టమైనవాళ్లకే వదిలేశారు. ఆ అబ్బాయితో విడిగా కూర్చుంటే తెలిసింది, వాడు రెండేళ్ల కిందటి పుస్తకం కూడా తడబడుతూనే చదువుతున్నాడని. అల్లరి పూర్తిగా పోలేదు, చదవడం ఇంకా నెమ్మదిగానే ఉంది. కానీ ఆవిడ చూపు మూడో వరస నుంచి విడివడింది. వాడికి అక్షరాల దగ్గర నుంచి సాయం అవసరమని ఒకరికి తెలిసింది.

దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. సిలబస్‌లో చోటు లేదంటారని తెలుసు. బోధనా పద్ధతుల చరిత్ర మీద, వాటి పేర్ల మీద, ఏది ఎవరు ఎప్పుడు ప్రతిపాదించారన్న దాని మీద గడిపే వారాలు ఒకసారి లెక్కచూడండి. అందులో మూడో వంతు తీసి రిహార్సల్‌కు ఇవ్వండి. వచ్చే బ్యాచ్ నుంచే మైక్రో టీచింగ్‌లో రెండో ప్రయత్నాన్ని తప్పనిసరి చేయండి. ట్రైనీలను ప్రాక్టీస్‌కు పంపేటప్పుడు పాఠశాలలు ఏరి ఇచ్చే మంచి సెక్షన్‌తో పాటు, ఎవరూ వద్దన్న సెక్షన్‌కు కూడా పంపండి, ఒంటరిగా కాకుండా ఇద్దరిని కలిపి. కొత్తగా చేరినవాళ్లకు అన్నీ కష్టమైన క్లాసులే కట్టబెట్టకూడదని పాఠశాలలకు రాతపూర్వకంగా చెప్పండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. రిహార్సల్ సన్నివేశాలు రాయడానికి, రెండు వారాలకోసారి ఆ సమావేశాలు మొదలుపెట్టి నడపడానికి నాలాంటి టీచర్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు. పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ టీచర్